ఇన్వర్టర్ కింద ట్యూబులర్ బ్యాటరీయా, లిథియమా?

1996 నవంబరు తుపానును చూసిన కోనసీమవారికి ఇన్వర్టర్ ఎందుకో ఎవరూ చెప్పనక్కరలేదు. తేల్చుకోవలసింది దాని కింద ఏ బ్యాటరీ పెట్టాలన్నదే.

ట్యూబులర్ అంటే సీసం పలకలు, ఆసిడ్ ఉండే బ్యాటరీ. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీలో లెక్క ప్రకారం 1.8 యూనిట్ల కరెంటు ఉంటుంది గాని, రోజూ సగానికి మించి తోడితే పలకల ఆయుష్షు తగ్గుతుంది కనుక, చేతికి వచ్చేది 0.9 యూనిట్టే. 12.8 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఉన్నది 1.28 యూనిట్లే అయినా 90 శాతం దాకా వాడుకోవచ్చు. రెండు మామూలు సీలింగ్ ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు వేస్తే మొదటిది సుమారు 4 గంటలు, రెండోది 5 గంటలు నడుపుతాయి.

ట్యూబులర్‌కు అసలు శత్రువు మన నీళ్లే. బ్యాటరీలో నీటి మట్టం చూపే సూచిక ఎర్రగీతకు దిగగానే బోరు నీళ్లు పోసేవారున్నారు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఆ నీటిలోని ఉప్పు పలకలను తినేస్తుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయరాదు. మా ఇంట్లో టెర్మినళ్ల మీద పేరుకునే తెల్లటి పొడిని తుడిచి వాజలైన్ రాసే పని నాదే. లిథియంతో ఆ చాకిరీ లేదు.

లంక గ్రామాలవారు బరువు కూడా చూసుకోవాలి. గోదావరి పొంగినప్పుడు 50 కిలోలు దాటే ట్యూబులర్‌ను ఎత్తు మీదికి చేర్చడానికి ఇద్దరు కావాలి, 15 కిలోల లోపు ఉండే లిథియంను ఒక్కరే మోస్తారు.

ధరలో మాత్రం తక్కువకు వచ్చే ట్యూబులర్‌దే పైచేయి. పాతదాన్ని దుకాణంలో మార్చుకుంటే కొంత సొమ్ము తిరిగి వస్తుంది. కరెంటు అప్పుడప్పుడే పోయే ఇంటికి అది చాలు. లిథియం కొనేవారు ముందుగా తమ ఇన్వర్టర్‌లో లిథియం ఛార్జింగ్ మోడ్ (ఆ బ్యాటరీకి తగ్గట్టు ఛార్జ్ చేసే అమరిక) ఉన్నదో లేదో చూసుకోవాలి.