మడత గ్రాబ్ బార్: రాడ్డు మంచిదే, తంటా అంతా మరలతోనే

కమోడ్ పక్కన గోడకు బిగించి, కావాల్సినప్పుడు కిందికి దించుకునే మడత గ్రాబ్ బార్ ఇది. ఏడాదికి పైగా రోజూ వాడాక రాడ్డు మీద పెద్దగా ఫిర్యాదు లేదు. కోపమంతా దాంతో పాటు పెట్టెలో వచ్చే మరలూ, గోడ చిల్లులో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గుల మీదే. 150 కిలోలు మోస్తుందని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాశారు. మోసేది రాడ్డు. రాడ్డును మోయాల్సిన గోడ ఎలా ఉండాలో ఒక్క ముక్క లేదు.

ముందు మంచి సంగతి. గోడకు అతుక్కుని ఉండే మామూలు కడ్డీ పట్టుకుని లేవాలంటే ఒంటిని ముందుకు లాక్కోవాలి. భుజాలు నొప్పులున్నవాళ్లకు అది నరకం. దీన్ని మాత్రం కుర్చీ చేతిని నొక్కినట్టు కిందికి నొక్కి లేవచ్చు. పైకి మడిచేస్తే సాయం పట్టే మనిషి పక్కనే నిలబడటానికి చోటు దొరుకుతుంది. 5×7 అడుగుల బాత్‌రూమ్‌లో అది చిన్న విషయం కాదు. ఎత్తు దగ్గర మాత్రం ప్లంబర్‌కి వదిలేయొద్దు. అలవాటు కొద్దీ 85, 90 సెంటీమీటర్లకు గుర్తు పెట్టేస్తారు. అది నిలబడి పట్టుకునే కడ్డీ ఎత్తు. అక్కడ బిగిస్తే కూర్చున్నవాళ్ల భుజం పైకి లేస్తుంది, నొక్కడానికి బలం చాలదు. కమోడ్ సీటు 40 సెంటీమీటర్లుంటే రాడ్డు నేల నుంచి 68 దగ్గర, కమోడ్ మధ్య నుంచి పక్కకు 32 దగ్గర సరిపోయింది.

ఇక అసలు గొడవ. కొన్ని నెలలకు, రాడ్డును గోడకు పట్టి ఉంచే పలక పైఅంచు దగ్గర టైల్ మీద వెంట్రుకంత పగులు కనబడింది. తర్వాత రాడ్డు కొస నొక్కితే పలక పైభాగం గోడ నుంచి లేచి, వదిలితే మళ్లీ అతుక్కోవడం మొదలైంది. మరలు విప్పబోతే పై రెండూ ప్లగ్గులతో సహా చేతికొచ్చాయి, వెంట తెల్లటి పొడి. గోడ ఏఏసీ బ్లాకులది, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మలది. ఈ మధ్య కట్టే అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల గదుల మధ్య గోడలు ఇవే. మామూలుగా వాడే కాంక్రీటు బలం చదరపు మిల్లీమీటరుకు 20, 25 న్యూటన్లయితే, ఈ బ్లాకుది 3, 4 మాత్రమే.

పెట్టెలో వచ్చిన మర పొడవు 50 మిల్లీమీటర్లు. టైల్ మందం 10, దాని వెనక సిమెంటు 15. అంటే సగం మర అక్కడే అయిపోయింది, మిగిలిన 25 మిల్లీమీటర్లే ఆ గుల్ల బ్లాకును పట్టుకుని వేలాడుతోంది. దాని మీద పడే లాగుడు ఎంతో లెక్కేస్తే గుండె జారుతుంది. రాడ్డు 70 సెంటీమీటర్లు, పలక మీద పై మరలకూ కింది మరలకూ మధ్య దూరం 15. కొస మీద 30 కిలోలు నొక్కితే పై మరలను బయటికి లాగే బలం 30×70÷15, అంటే 140 కిలోలు. ఒక్కో మరకు 70. అదీ రోజుకు ఎన్నోసార్లు. ప్లాస్టిక్ ప్లగ్గు అన్ని నెలలు నిలబడటమే గొప్ప.

పొడవు మరలు కొడితే సరిపోతుందన్న సలహా నమ్మొద్దు. యాంకర్ బోల్ట్ ఇంకా చెడ్డది. అది లోపల ఉబ్బి పట్టుకునే రకం కాబట్టి ఏఏసీ బ్లాకు చిట్లుతుంది. పనికొచ్చింది గోడకు ఆర్‌పార్ బిగింపు. 8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ థ్రెడ్ రాడ్డును ముక్కలుగా కోయించి, గోడ అవతల 6 మిల్లీమీటర్ల మందం ఇనుప పలక (20×25 సెంటీమీటర్లు) పెట్టి, వదులవని నైలాన్ నట్లతో బిగించడం. నాలుగంగుళాల గోడకు ప్లాస్టరూ టైలూ కలిపితే 14 సెంటీమీటర్ల దాకా వస్తుంది, ముక్కలు 17 ఉండాలి. టైల్‌కి చిల్లి పడేదాకా డ్రిల్లింగ్ మిషన్ హ్యామర్ మీద పెట్టొద్దు. చిల్లి దగ్గర టైల్ కొట్టి చూస్తే డొల్లగా మోగితే, వెనక పల్చటి సిమెంటు పాలు పోసి ఆరనిచ్చాకే బిగించాలి. లేకపోతే నట్టు తిప్పుతుంటేనే టైల్ పటుక్కుమంటుంది. చిల్లుల చుట్టూ సిలికాన్ తప్పనిసరి, నీళ్లు దిగితే బ్లాకు తాగేస్తుంది. బిగించాక ఇంట్లో గట్టి మనిషి కొస మీద బరువేసి నొక్కాలి, ఇంకొకరు పలక పైఅంచులో కాగితం దూర్చి చూడాలి. దూరిందంటే పని కాలేదు.

అప్పటి నుంచి పలక కదల్లేదు. కదిలేది కీలు. కడుక్కునేటప్పుడు మనిషి ఒక పక్కకు ఒరుగుతాడు కదా, అప్పుడు కొస అటూ ఇటూ వేలెడు ఊగుతుంది. కొత్తలో ఇంత లేదు. రాడ్డు 304 అనే మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలే, మెరుపు తగ్గలేదు, కానీ కీలు పిన్ను వేరే సరుకు, తుప్పు మొదలైంది. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి 304 అని తేల్చే దుకాణాల మాట పట్టించుకోకండి, చవకైన 202 రకానికీ అది సాధారణంగా అంటుకోదు. ఏ రకమైనా బాత్‌రూమ్ యాసిడ్ తగిలితే మచ్చలు ఖాయం. యాసిడ్‌తో కడిగే ఇల్లయితే రాడ్డును వెంటనే మంచినీళ్లతో కడగాలి.

కొనొచ్చా అంటే, మా ఇంట్లో వాడేది మోకాళ్లు అరిగిన మనిషి, రెండు చేతుల్లో బలముంది, బరువు 70 లోపు, గోడ అవతల మా పడగ్గదే కాబట్టి ఇనుప పలక పెట్టగలిగాం. ఈ లెక్కలో నాకు నచ్చింది. అవతల పక్కింటివాళ్లుంటేనో, పైపులు దిగే డక్ట్ ఉంటేనో ఈ దారి లేదు, ఏఏసీకి సరిపడే కెమికల్ యాంకర్ (చిల్లులో జిగురు నింపి అతికించే బోల్ట్) తెలిసిన మనిషి చేత వేయించాలి. కాంక్రీటు గోడైతే ఈ బాధలేవీ ఉండవు. పక్షవాతంతో ఒక పక్క పడిపోయినవాళ్లకు ఇదొక్కటే పెట్టి ఒంటరిగా పంపలేం. అద్దె ఇల్లయి, ఓనరు చిల్లులకు ఒప్పుకోకపోతే కమోడ్ చుట్టూ పెట్టే నాలుగు కాళ్ల ఫ్రేమే మేలు. కాకపోతే దాని కాళ్ల రబ్బరు బూట్లు అరుగుతున్నాయేమో నెలకోసారి తిప్పి చూసుకోవాలి.