1966 కార్వెట్ స్టింగ్ రే: ఏళ్ల తరబడి నడిపాక చెప్తున్నా

నా దగ్గరున్నది 1966 షెవర్లే కార్వెట్ స్టింగ్ రే కూపే, అంటే రెండు డోర్ల స్పోర్ట్స్ కారు. 327 క్యూబిక్ ఇంచుల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్, 300 హార్స్‌పవర్, ఫోర్ స్పీడ్ మాన్యువల్. రిస్టోర్ చేసిన బండినే కొన్నా. మేముండేది డాలస్ దగ్గర, వాన లేని వీకెండ్ అంటే ఇది రోడ్డు మీదే ఉంటుంది.

అందం గురించి చెప్పాలంటే, జనరల్ మోటార్స్ డిజైన్ హెడ్ బిల్ మిచెల్ డిపార్ట్‌మెంట్‌లో లారీ షినోడా అనే డిజైనర్ గీసిన షేప్ ఇది, ఏ పక్క నుంచి చూసినా తప్పు పట్టడానికేం దొరకదు. 1963లో మొదటిసారి వచ్చినప్పుడు వెనకద్దం మధ్యలో నిలువుగా ఒక పట్టీ ఉండేది, వెనకొచ్చే బండ్లు సరిగా కనపడవని ఇంజనీర్ జోరా ఆర్కస్ డంటోవ్‌కి అది నచ్చలేదు, మరుసటేడు తీసేశారు. ఇప్పుడు అందరూ ఆ 63 కోసమే ఎగబడతారు. నిజంగానే చాలా అందమైన బండి. కానీ నడుపుకోవడానికైతే నేను 65 నుంచి 67 వరకు వచ్చినవే తీసుకోమంటా, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు స్టాండర్డ్‌గా వచ్చింది 65 నుంచే కదా.

ఇక నడిపితే... నా బండికి పవర్ స్టీరింగ్ లేదు, పార్కింగ్‌లో తిప్పాలంటే భుజాలు పట్టేస్తాయి, కానీ కాస్త స్పీడ్ అందుకోగానే అదే స్టీరింగ్ తేలికైపోయి రోడ్డు మీద ప్రతి గరుకూ అరచేతికి తెలుస్తుంది, సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఆ వీ8 గుర్రుమనేది సీట్లోంచి వెన్నులోకి ఎక్కుతుంది. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే టాకోమీటర్ కూడా డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి కరెంట్ పంచే భాగం) నుంచి వచ్చే కేబుల్‌తోనే తిరుగుతుంది. కాలికీ ఇంజన్‌కీ మధ్యలో కంప్యూటర్ అనేదే లేదు. నేనెంత బాగా నడిపితే అది అంత బాగా నడుస్తుంది, గేర్ సరిగ్గా పడ్డప్పుడు వచ్చే ఆ ఆనందం నాకింకే బండిలోనూ దొరకలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. నా దాంట్లో ఏసీ లేదు, టెక్సస్ ఎండల్లో పాదాల దగ్గర కాలిపోతుంది. డిక్కీకి బయటినుంచి తలుపే లేదు, సూట్‌కేస్ పెట్టాలన్నా సీట్ల వెనక నుంచి దూర్చాల్సిందే, మా ఆవిడకి ఇది అస్సలు నచ్చదు. బ్రేకుల సంగతైతే తప్పకుండా తెలుసుకోవాలి: బండి కదలకుండా ఉంటే బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, బ్రేక్ ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే కాలిపర్ లోపల తుప్పు గుంటలు పడి లీకవుతుంది. నాకూ అయింది. కాలిపర్ లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవులు (గొట్టాల్లాంటి తొడుగులు) వేయించాక మళ్లీ ఆ తలనొప్పి లేదు.

కొనాలనుకునేవాళ్లకి ఒక్క మాట. బాడీ ఫైబర్‌గ్లాస్, తుప్పు పట్టదు నిజమే, కానీ దాని లోపల అద్దాల చుట్టూ తలుపుల చుట్టూ స్టీల్ చట్రం ఉంటుంది, బర్డ్‌కేజ్ అంటారు, అదీ కింద ఫ్రేమూ మాత్రం తుప్పు పడతాయి. పైన పెయింట్ ఎంత మెరుస్తున్నా సరే, లిఫ్ట్ మీదకి ఎక్కించి ఫ్రేమ్ చూడండి, కాళ్ల దగ్గర సైడ్ ప్యానెళ్లు విప్పించి టార్చ్ వేసి చూడండి. అమ్మేవాళ్లు విప్పనివ్వకపోతే ఆ బండి వదిలేయండి, ఇంకోటి దొరుకుతుంది, ఒక్క 66లోనే 27,720 తయారు చేశారు.