ఇంట్లో నెయిల్ ఆర్ట్: రెండేళ్లకు పైగా వాడాక ఏ సామాను పనికొచ్చింది

నెయిల్ ఆర్ట్ నేర్చుకుందామనుకునే వాళ్లు మొదట రంగుల సీసాల మీదే డబ్బంతా పెడతారు. హనుమకొండలో మా ఇంట్లోనే వదినలకు, చుట్టాల పిల్లలకు గోళ్లు వేయడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. డిజైన్ ఎన్నాళ్లు నిలుస్తుందో రంగు పెట్టకముందే తేలిపోతుందని ఇన్నాళ్ల వాడకంలో గట్టిగా నమ్మకం కుదిరింది. అందుకే నా దృష్టిలో అన్నిటికంటే విలువైనవి గోటిని అరగదీసే ఫైల్, గోటి మొదట్లోని చర్మాన్ని వెనక్కి తోసే క్యూటికల్ పుషర్, రంగుకు ముందు వేసే మంచి బేస్ కోట్.

ఫైల్ మీద గ్రిట్ అని ఒక నంబరు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ నునుపు ఎక్కువ. అసలు గోరుకు 180 గానీ 240 గానీ చాలు. 100 అతికించిన గోళ్లకే పనికొస్తుంది, సొంత గోటికి తగలనివ్వొద్దు. తర్వాత పుషర్ పని. దాన్ని కాస్త పడుకోబెట్టి గోటి మొదట్లో చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు తోస్తే తెల్లటి పొట్టు లేస్తుంది. మామూలుగా చూస్తే కనిపించదు, వేలిని వెలుతురుకు ఏటవాలుగా పెడితే తెలుస్తుంది. ఆ పొట్టు ఎక్కడ మిగిలితే అక్కడే రెండు మూడు రోజుల్లో పాలిష్ అంచు లేస్తుంది. చుట్టూ ఉన్న మెత్తటి చర్మాన్ని మాత్రం కత్తిరించొద్దు, లోపలికి ఇన్‌ఫెక్షన్ పోకుండా కాపాడేది అదే. జెల్, అంటే ల్యాంప్ వెలుగులో గట్టిపడే పాలిష్, వేసేముందు చేతులు నీళ్లలో నానబెట్టకపోవడం కూడా మంచిది. గోరు నీళ్లు పీల్చి కాస్త ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ సర్దుకుంటుంది, పైన వేసిన పొర పట్టు తప్పుతుంది. మన దగ్గర తలకు కొబ్బరినూనె పెట్టుకుని, ఆ చేతులతోనే వచ్చి కూర్చునే వాళ్లు ఎక్కువ. కాబట్టి బేస్ కోట్‌కు ముందు గోటిని ఒకసారి జిడ్డు తీసే క్లీనర్‌తో తుడవాల్సిందే. దూదితో తుడిస్తే పీచు అంటుకుంటుంది, నూలు రాలని వైప్స్ వాడండి.

కిట్‌తో వచ్చిన చిన్న ల్యాంప్‌కు నేను తక్కువ మార్కులే వేస్తాను. పెట్టె మీద 48 వాట్లు అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. నాలుగు వేళ్లకు బాగానే పనిచేస్తుంది, బొటనవేలి దగ్గరే చిక్కు. చెయ్యి లోపల పెట్టినప్పుడు ఆ గోరు పక్కకు తిరిగి ఉంటుంది, వెలుగు నేరుగా పడదు. అందుకని రెండు బొటనవేళ్లను చివర్లో విడిగా పెట్టిస్తాను. ల్యాంప్ కొనేటప్పుడు వాట్ల కంటే వెలుగు తరంగాల కొలత 365, 405 నానోమీటర్లు రెండూ రాసి ఉన్నాయా అని చూడండి. నలుపు, తెలుపు రంగులు వెలుగును లోపలికి పోనివ్వవు. మందంగా వేస్తే పైన గట్టిపడి కింద పచ్చిగానే ఉంటుంది, కాసేపట్లో ముడతలు పడుతుంది. పల్చగా రెండు కోట్లు వేయడమే దారి.

ఈ పచ్చి జెల్ విషయంలో నాకు నిజంగానే టెన్షన్. చాలా జెల్స్‌లో హేమా అనే రసాయనం ఉంటుంది. గట్టిపడని జెల్ మాటిమాటికీ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు, ఒకసారి వస్తే మళ్లీ తగిలినప్పుడల్లా తిరగబెడుతుంది. చర్మం మీదికి పారిన జెల్‌ను ల్యాంప్‌లో పెట్టకముందే సన్నటి బ్రష్‌తో తుడిచేయాలి. యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి టీపీఓ అనే, జెల్ గట్టిపడడానికి కలిపే మరో పదార్థాన్ని సౌందర్య ఉత్పత్తుల్లో నిషేధించింది. అప్పటి నుంచి సీసా వెనక రాసింది చదవకుండా నేను కొనడం లేదు. ఏమీ రాయని సీసా ఎంత చౌకైనా వద్దు.

ఇక డిజైన్లకు చుక్కలు పెట్టే డాటింగ్ టూల్, సన్న గీతలు గీసే లైనర్ బ్రష్ రెండూ ఉంటే ఏడాది పాటు ఇంకేం కొనక్కర్లేదు. బతుకమ్మ రోజుల్లో మా పిల్లలు అడిగేది తంగేడు పువ్వే. పసుపు రంగులో దగ్గరదగ్గరగా ఐదు చుక్కలు పెట్టి, అవి తడిగా ఉండగానే సన్నటి మొనతో ఒక్కో చుక్కను మధ్యలోకి లాగితే రేకులు వచ్చేస్తాయి. గునుగుకు లైనర్‌తో గులాబీ, తెలుపు గీతలు పొట్టిపొట్టిగా, పైకి పోనుపోను సన్నబడేలా వేయాలి. గీత మీద చెయ్యి కుదరడానికి వరంగల్ దర్రీల (నేసిన తివాచీల) కంటే మంచి కాపీ పుస్తకం నాకు దొరకలేదు. అడ్డ చారలు, డైమండ్ ఆకారాలు, రెండు మూడు రంగులు, అంతే. ముందు ప్లాస్టిక్ టిప్స్ మీద వేయండి, ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతాయి. స్టాంపింగ్ ప్లేట్లు, గ్లిట్టర్ డబ్బాలు నా దగ్గర మూలకు పడి ఉన్నాయి.

మామూలు పాలిష్ వాడేవాళ్లకు మన ఎండాకాలం పరీక్షే. మూత సరిగా పెట్టకపోతే ద్రావకం ఆవిరై పాలిష్ తీగలు సాగుతుంది. అప్పుడు పాలిష్ థిన్నర్ రెండు చుక్కలు వేయాలి, రిమూవర్ పోస్తే పాలిష్ చెడిపోతుంది. జెల్‌కు మరో శత్రువు పసుపు. లేత రంగు వేసుకుని మామిడికాయ పప్పు కలుపుకుని తింటే చివర్లో వేసే టాప్ కోట్ పసుపెక్కుతుంది. వంట చేసే వాళ్లకు నేను పొట్టి గోళ్లు, ముదురు రంగులే వేస్తాను. జొన్నరొట్టె పిండి పిసికే చేతులకు అదే హాయి.

తీయడం కూడా నేర్చుకోవాల్సిన పనే. పై మెరుపును ఫైల్‌తో పోగొట్టి, అసిటోన్‌లో తడిపిన దూదిని గోటి మీద పెట్టి, ఫాయిల్ చుట్టి పది పదిహేను నిమిషాలు ఉంచాలి. మెత్తబడ్డాక పుషర్‌తో నెమ్మదిగా తోస్తే వచ్చేస్తుంది. రాకపోతే మళ్లీ చుట్టండి, గీకొద్దు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి పొయ్యికి, దేవుడి దీపానికి దూరంగా కూర్చోవాలి. "అక్కా, అంచు లేచింది, పీకేయనా?" అని ఫోన్ చేసే వాళ్లందరికీ వద్దనే చెబుతాను, ఎందుకంటే జెల్‌తో పాటు గోటి పై పొర కూడా ఊడొస్తుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, పూర్తిగా కొత్తది రావడానికి ఆరు నెలలు పడుతుంది. అలా పీకిన గోటి మీద మళ్లీ జెల్ వేయమని ఎంత బతిమాలినా నేను వేయను. గోరు పెరిగేదాకా రోజూ రాత్రి నూనె రాసుకోమని చెప్పి పంపిస్తాను.