మూడొందలకు పదహారు శాతం: సూర్యలంక దాకా నా కరెంటు బండి

ముందు లెక్క, తర్వాత కథ. బాపట్ల నుంచి సూర్యలంక బీచ్‌కి పోయే రోడ్డు మీద ఒక లాడ్జిలో నా స్కూటర్‌ని నలభై నిమిషాలు ఛార్జింగ్‌లో ఉంచినందుకు 300 రూపాయలు పుచ్చుకున్నారు. ఆ నలభై నిమిషాల్లో బండి తాగింది అర యూనిట్. అంటే యూనిట్ 600 పడింది. మా ఇంట్లో మేము పడే స్లాబులో యూనిట్ 6 రూపాయలు. వచ్చి పది రోజులైనా ఈ లెక్క నాకు మింగుడు పడటం లేదు, అందుకే రాస్తున్నా.

బండి కొని పద్నాలుగు నెలలు, 11,400 కిలోమీటర్లు తిరిగింది. బ్యాటరీ 3 కిలోవాట్ అవర్, కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే మూడు యూనిట్లు. కంపెనీ కాగితం మీద 120 కిలోమీటర్లు అని ఉంటుంది. నేనొక్కణ్ణే బెజవాడలో సత్యనారాయణపురం నుంచి ఆటోనగర్‌కి పోయి వస్తుంటే 95 దాకా వస్తుంది, వెనక మనిషి ఎక్కితే 85, హైవే ఎక్కి 55 స్పీడు దాటించామా, 80 కూడా అనుమానమే. స్పీడు పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికే బ్యాటరీ ఖర్చైపోతుంది. కాగితం మీది అంకెను నమ్మి ఊళ్లు తిరగకండి, అందులో మూడో వంతు తీసేసి ప్లాన్ వేసుకోండి.

ఖర్చు సంగతి మాత్రం వంక పెట్టలేం. నిండా ఛార్జి చేస్తే గోడలోంచి సుమారు మూడున్నర యూనిట్లు లాగుతుంది, కొంత వేడిగా పోతుంది కదా. 21 రూపాయలు. అదే దూరానికి పాత పెట్రోల్ స్కూటర్‌కి రెండు లీటర్లు పోసేవాణ్ణి, లీటరు 109 పైనే. ఇంజన్ ఆయిల్ లేదు, ప్లగ్గు లేదు, కార్బొరేటర్ లేదు. ఇప్పటిదాకా మార్చింది ముందు బ్రేక్ ప్యాడ్లు ఒక జత, వెనక టైరు ఒకటి. ఒక్క బ్రేక్ స్విచ్ కోసం తొమ్మిది రోజులు బండి సర్వీసు సెంటర్‌లో పడుకుంది, అది వేరే ఏడుపు.

మా ఆవిడకి మాత్రం ఈ బండంటే మొదట్లో భయం. 2022 ఏప్రిల్‌లో మన బెజవాడలోనే, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన పోయారు, అది పేపర్లో చదివింది. ఆ ఏడాది ప్రమాదాల తర్వాతే కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలు బిగించిందని ఎంత చెప్పినా, ఇంట్లో పెడితే నేను పుట్టింటికి పోతానంది. దాంతో మా మీటర్ నుంచి సెల్లార్‌లోకి ప్రత్యేకంగా లైను లాగించి, 15 ఆంప్స్ సాకెట్, దానికో ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే తనంతట తనే కరెంటు ఆపేసే స్విచ్, పెట్టించాను. 6,500 అయింది. ఆ విషయంలో ఆవిడదే రైటు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు బండి బుక్ చేసే ముందే ఈ పని తేల్చుకోండి, బండొచ్చాక అసోసియేషన్ వాళ్లతో గొడవలు పెట్టుకోకండి.

ఇక ప్రయాణం. కార్తీక మాసం అయిపోయి సూర్యలంకలో జనం పలచబడ్డాక, డిసెంబర్‌లో ఒక శనివారం బయల్దేరాం. నేనూ, మా బావమరిదీ. వాడు 88 కిలోలు, ఇంటి ముందు బుల్లెట్ ఉంది. ‘బావా, ఇది బండి కాదు, సెల్‌ఫోన్‌కి చక్రాలు పెట్టారు’ అనేది వాడి మాట. ఆ మాట వెనక్కి తీసుకునేలా చేద్దామనే వాణ్ణి ఎక్కించుకున్నా, కాదనను.

వారధి దాటి, మంగళగిరి మీదుగా గుంటూరు. కాజ టోల్ దగ్గర టూవీలర్లకి డబ్బులేం లేవు. చలిగాలికి హుషారొచ్చి 55, 60లో పోయాను, ఫలితం గుంటూరులో తెలిసింది. 35 కిలోమీటర్లకే నూటికి 45 శాతం ఖాళీ. ఫోన్ మ్యాప్‌లో చూపించిన ఛార్జింగ్ స్టేషన్‌కి వెతుక్కుంటూ వెళితే అది కార్లది, తుపాకీలాంటి లావు ప్లగ్గు, మన స్కూటర్‌లో దూరదు. కార్లకి దాదాపు అందరిదీ ఒకటే రకం ప్లగ్గు, టూవీలర్లకి మాత్రం కంపెనీకో రకం. మ్యాప్‌లో ఆకుపచ్చ గుర్తు చూసి సంబరపడకుండా ఏ ప్లగ్గో కూడా చూసుకోవాలి. చివరికి బ్రాడీపేటలో మా మేనత్త కొడుకు ఇంటి వరండాలో రెండు గంటలు పెట్టాం, 95 అయింది. ఈలోపు ఇడ్లీ, పెసరట్టు, కాఫీలు, ఇద్దరికీ 190.

గుంటూరు నుంచి చేబ్రోలు, పొన్నూరు, బాపట్ల. ఎకో మోడ్‌లో నలభైలో పోయాం, చప్పుడు లేదు, ఇద్దరం మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ వెళ్లాం. బుల్లెట్ మీద అది కుదరదని వాడితోనే అనిపించాను. బాపట్లలో భావనారాయణస్వామి గుడి చూశాం, భోజనం చేశాం, సాయంత్రం సముద్రం. బాగుంది.

లాడ్జి దగ్గరికొద్దాం. ముందురోజు ఫోన్ చేసి రెండుసార్లు అడిగాను, మాది కరెంటు బండి, లావు పిన్నుల ప్లగ్గు, 15 ఆంప్స్ సాకెట్ కావాలి, కింద పార్కింగ్‌లో ఉందా అని. ‘ఎన్ని బండ్లయినా పెట్టుకోండి సార్’ అన్నాడు. రూము 1,800 అన్నవాడు, తీరా వెళ్లాక శనివారం కాబట్టి 2,400 అన్నాడు. సరే అనుకున్నాం. గదిలో దుప్పటి చెమ్మగా ఉంది, బాత్‌రూమ్ గొళ్లెం పడదు, బావమరిది లోపలికెళ్తే నేను బయట నిలబడి తలుపు పట్టుకోవాలి. అదీ సరే. సాకెట్ ఎక్కడయ్యా అంటే గదిలో గీజర్‌ది చూపించాడు. మేమున్నది రెండో అంతస్తు.

‘బండిని మెట్లెక్కించమంటారా?’ అన్నాడు మావాడు.

చాలాసేపటికి వాచ్‌మన్ గది పక్కన బోరు మోటార్‌కి వాడే సాకెట్ ఒకటి బయటపడింది. దానికి 300, ముందే ఇవ్వాలి. అప్పటికి బండిలో 31 శాతం ఉంది. పది గంటలకు పెట్టాను, పచ్చలైటు వెలిగింది, ఛార్జర్ ఫ్యాన్ తిరిగింది. పొద్దుటికి నిండుతుందిలే అని నిశ్చింతగా పడుకున్నాను. ఆ నిశ్చింతకే కట్టాను నిజానికి ఆ 300.

పొద్దున్నే ఐదున్నరకి దిగి చూస్తే 47. మా ప్లగ్గు నేలమీద ఇసుకలో పడి ఉంది, సాకెట్‌లో బోరు ప్లగ్గు ఉంది. యాప్ తెరిస్తే 10:41కి ఛార్జింగ్ ఆగిందని ఉంది. ట్యాంకు నింపడానికి కుర్రాడు మాది పీకి మోటారు వేశాడు, ట్యాంకు నిండాక స్విచ్ ఆపి పడుకున్నాడు. వాణ్ణి ఏమీ అనలేం, పదిహేనేళ్లు కూడా ఉండవు. మేనేజర్‌ని అడిగాను. ఆయన టీ తాగుతూ, తల కూడా ఎత్తకుండా చెప్పిన మాట ఇది: ‘ఛార్జింగ్ పెట్టుకోవడానికి 300 సార్. నిండుతుందని ఎవరు చెప్పారు?’

నాకు మాట రాలేదు. మావాడికి వచ్చింది, అవి ఇక్కడ రాసే మాటలు కావు. ఇప్పుడు పెట్టుకోండి అన్నాడాయన చివరికి, మళ్లీ 300, తొమ్మిదికి ఖాళీ చేయాలి కాబట్టి ఆ తర్వాత ఉంటే సగం రోజు అద్దె. రసీదు అడిగితే పాత 300నే ‘పార్కింగ్’ అని రాసిచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది.

పౌరుషానికి పోయి 47తోనే బయల్దేరాం. అది తెలివితక్కువ పనే. సముద్రం దగ్గరికి ఒకసారి పోయి, మళ్లీ రోడ్డెక్కి, బాపట్ల, అప్పికట్ల దాటి పొన్నూరు పొలిమేరకు వచ్చేసరికి 14. ఇరవై దిగాక బండి తనంతట తనే స్పీడు తగ్గించేస్తుంది, ఎంత తిప్పినా ముప్ఫై దాటదు. సైకిల్ మీద ఒకతను మమ్మల్ని కాసేపు పక్కనే పోతూ చూశాడు. ఇంటికింకా 65 కిలోమీటర్లు. బావమరిది వెనక కూర్చుని ఏమీ అనలేదు, ఆ మౌనమే ఎక్కువ కాల్చింది.

రెండు టిఫిన్ సెంటర్లలో అడిగాం, వాళ్ల దగ్గర లావు సాకెట్ లేదు. అప్పుడు కారం మర కనిపించింది. మరలో మోటార్లుంటాయి, 15 ఆంప్స్ ఉండకుండా ఉంటుందా అని మావాడే అన్నాడు, అందుకు వాడికి దండం పెట్టాలి. లోపల ఒక పెద్దావిడ, ముక్కుకి తువ్వాలు కట్టుకుని మిరపకాయలు పోస్తోంది.

‘పెట్రోలు అయిపోయిందా బాబూ?’

‘కరెంటు బండండీ. మూడు గంటలు ఛార్జింగ్ పెట్టుకోవాలి, ఎంతైతే అంత ఇస్తాం.’

‘ఎంత లాగుద్దేంటి?’

‘రెండు యూనిట్ల పైచిలుకు.’

ఆవిడ తువ్వాలు కిందికి లాగి మరీ నవ్వింది. ‘నాది పది హెచ్‌పీ మోటారు. గంట తిరిగితే ఏడు లాగుద్ది. పెట్టుకో నాయనా.’

వెంటనే పెట్టలేదు. ఎండలో నడిచొచ్చిన బ్యాటరీని కాసేపు నీడన చల్లారనిచ్చి పెడితే మంచిది, ఎండాకాలం అయితే ఇది మరీ ముఖ్యం. పావుగంట తర్వాత పెట్టాం. ఇక మొదలైంది మా అవస్థ. వరసగా తుమ్ములు. ఘాటు గాల్లో కనిపించదు కానీ కళ్లలోంచి నీళ్లు ధారగా. 88 కిలోల మనిషి తుమ్మితే బల్ల కదిలింది. మధ్యలో నలభై నిమిషాలు కరెంటు పోయింది, మర ఆగింది, తుమ్ములూ ఆగాయి. ఆ సందులో ఆవిడ చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చింది, అల్లం, ఉప్పు, కరివేపాకు దంచి వేసింది. రెండో గ్లాసు మావాడు అడిగి మరీ తాగాడు. బండి చుట్టూ తిరిగి చూసి, సైలెన్సర్ ఏదని అడిగింది. లేదంటే, మరి ఎదురుగా వచ్చే గేదెకి ఎలా తెలుస్తుంది అంది. నా దగ్గర జవాబు లేదు.

80 శాతానికి తీసేశాం. పైన చివరి ఇరవై ఎలాగూ నిదానంగా ఎక్కుతుంది, రోడ్డు మీద ఉన్నప్పుడు దానికోసం కూర్చోవడం దండగ. వంద రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు. ‘కారం అమ్ముతా, కరెంటు అమ్మను’ అంది. దాంతో బావమరిది రెండు కిలోల కారం తీసుకున్నాడు, కిలో 380.

తిరుగు దారిలో హైవే మీద 45 దాటలేదు, లారీలు హారన్లు కొట్టుకుంటూ పోయాయి, పోనీ అనుకున్నాం. సెల్లార్‌లో బండి ఆపేసరికి 11 శాతం. మళ్లీ వెళితే మాత్రం లాడ్జికి ముందు ఫోన్ చేసి సాకెట్ ఫొటో వాట్సాప్‌లో పంపమంటాను, పంపకపోతే ఆ లాడ్జి వద్దు. పది మీటర్ల మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరు డిక్కీలో వేసుకుంటాను. ఎంత రాత్రైనా పడుకునే ముందు ఒకసారి, మధ్యలో లేస్తే ఇంకోసారి యాప్ చూస్తాను.

మా ఆవిడ కారం పొట్లం విప్పి రెండుసార్లు తుమ్మి, సముద్రానికి పోయి ఎవరైనా కారం తెస్తారా అంది. అప్పుడే ఫోన్‌కి లాడ్జి నుంచి మెసేజ్ వచ్చింది, మా సేవలు నచ్చితే ఐదు నక్షత్రాలు ఇవ్వండి అని. ‘పార్కింగ్’ రసీదు ఫొటో తీసి, పక్కన 47 శాతం చూపిస్తున్న స్క్రీన్‌షాట్ పెట్టి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.