పెప్పర్ సూపా, లైట్ సూపా: చేపకు ఏది మేలు?

నైజీరియాలోని లేగోస్‌లో ఉన్న మూడేళ్లలో ఈ రెండూ మా వంటింట్లోకి వచ్చాయి. క్యాట్‌ఫిష్ పెప్పర్ సూప్ నైజీరియా వాళ్లది. లైట్ సూప్ ఘనా వాళ్లది, పక్కింట్లో ఉండే ఘనా ఆవిడ నేర్పింది. రెండూ నోరు మండించే చేపల సూపులే. రెండింట్లోనూ చింతపండు ఉండదు, పోపు ఉండదు. మన చెయ్యి పోపు డబ్బా వైపు పోతుంది, ఆపుకోవాలి.

పెప్పర్ సూప్ ప్రాణమంతా మసాలాలోనే ఉంది. ఎహూరు గింజలను పొడి మూకుట్లో వేయించి, పెంకు తీసి దంచుతారు. వాసన జాజికాయకు దగ్గరగా ఉంటుంది కానీ ఇంకాస్త ఘాటు. ఉజీజా గింజలు మన మిరియాలకు చుట్టాలు. ఉడా అని పొడవాటి నల్లటి కాయ ఒకటి, దాన్ని చితక్కొట్టి వేసి, దించేముందు తీసేస్తారు. మన బాలింతలకు కాయం పెట్టినట్టు, అక్కడ బాలింతలకు ఉడా వేసిన పెప్పర్ సూప్ పెడతారు. హ్యూస్టన్‌లోనో లండన్‌లోనో ఉన్నవాళ్లకు ఈ మసాలా పొడి నైజీరియన్ కొట్లలో ప్యాకెట్‌గా దొరుకుతుంది. ఎహూరు లేకుండా జాజికాయ, మిరియాలతో సరిపెట్టి చూశాను. తాగడానికి బాగానే ఉంది, కానీ అది మిరియాల చారులో చేప ముక్క, అంతే.

క్యాట్‌ఫిష్ శుభ్రం చేయడమే అసలు పని. ముక్కల మీద వేడినీళ్లు పోయగానే జిగురు తెల్లగా పేరుకుంటుంది. వెంటనే నీళ్లు వంపేసి, ఉప్పూ నిమ్మరసంతో రుద్దాలి. నేను మొదటిసారి ముక్కల్ని మరిగే నీళ్లలో అలాగే వదిలేస్తే తోలంతా ఊడొచ్చింది. ఆ తోలు వల్లే సూప్‌కు పెదాలకు అంటుకునే చిక్కదనం వస్తుంది, కాబట్టి దాన్ని కాపాడుకోవాలి. మన దేశంలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకంపై నిషేధం ఉంది. ఇక్కడ వండేవాళ్లు కొర్రమీను తీసుకోండి. ముక్క గట్టిగా నిలుస్తుంది.

కిలో చేపకు లీటరున్నర నీళ్లలో మసాలా, ఉల్లిపాయ, దంచిన మిరప వేసి పది నిమిషాలు మరిగించాక ముక్కలు వేస్తే, ఇంకో పావుగంటలో అయిపోతుంది. గరిటె పెట్టొద్దు, చేపల పులుసుకు చేసినట్టే గిన్నె పట్టుకుని తిప్పాలి. చివర్లో సెంట్ లీఫ్ వేస్తారు. అది తులసి జాతి ఆకే.

లైట్ సూప్‌కు ఈ వెతుకులాట లేదు. అయిదారు టమాటాలు, ఒక పెద్ద ఉల్లిపాయ, రెండు తెల్ల వంకాయలు, మిరపకాయలు ఉడకబెట్టి, మెత్తగా రుబ్బి, వడకట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టడమే. పలచగా ఉండే సూప్‌కు వంకాయ కాస్త చిక్కదనం ఇస్తుంది. అల్లం పట్టించిన చేప ఆఖర్లో పడుతుంది. తిలాపియా కూడా బాగుంటుంది. గింజలు రాకుండా వడకట్టడం విసుగే, అయినా మానొద్దు. ఘనాలో దీన్ని కర్రపెండలం, పచ్చి అరటి కలిపి దంచిన ఫుఫుతో తింటారు. సంకటి ముద్దను మింగినట్టే, నమలకుండా మింగాలి. రాగి సంకటితో నేను తిన్నాను, భేషుగ్గా కుదిరింది.

నా మొగ్గు మాత్రం పెప్పర్ సూప్‌కే. జలుబు చేసిన రోజున, వానపడే సాయంత్రాన దానికి సాటి లేదు. కానీ ఎహూరు దొరకని ఊళ్లో ఉంటే నిశ్చింతగా లైట్ సూప్ చేయండి. అందులో ఏదీ తగ్గించి వండినట్టు ఉండదు, ఇంటికి చుట్టాలు వచ్చినా పిల్లలకు మిరప తగ్గించి విడిగా పోయొచ్చు. మర్నాటికి మిగిలితే రెండింట్లో లైట్ సూపే ఎక్కువ రుచి. పెప్పర్ సూప్‌ను పొయ్యి మీంచి దించిన వేడిలోనే తాగెయ్యాలి.