కళ్ళజోడు ఒకటా, రెండా? ఒక ఇంగ్లీషు–చైనీస్ నిఘంటువు యాప్‌తో మూడు నెలలు

సింగపూర్‌లో చైనీస్ మాతృభాషగా గల పెద్దవాళ్ళకు వారాంతాల్లో ఇంగ్లీషు చెబుతుంటాను. వారిలో చాలామంది వాడే ఒక ఇంగ్లీషు–చైనీస్ నిఘంటువు యాప్‌కు మూడు నెలల క్రితం నేనూ చందా కట్టాను. ఏ నిఘంటువునైనా ఒక్క మాటతో తూచి చూడడం నా అలవాటు; ఈసారి పట్టుకున్న మాట 'గ్లాసెస్'.

'గ్లాస్' అంటే గాజు అన్నప్పుడు దానికి బహువచనం లేదు, నీళ్ళు తాగే గ్లాసు అన్నప్పుడు ఉంది, కళ్ళజోడు అన్నప్పుడు బహువచనం తప్ప వేరే రూపమే లేదు. చైనీస్‌లో గాజును 'బోలి' అనీ, తాగే గ్లాసును 'బెయిజ' అనీ, కళ్ళజోడును 'యెన్‌జింగ్' అనీ వేర్వేరుగా అంటారు కనుక, ఒకే మాట ఈ మూడు పనులూ ఎలా చేస్తుందన్నదే వారికి ఎదురయ్యే మొదటి చిక్కు. ఆ చిక్కును యాప్ చక్కగా విప్పింది. ఒక్కో అర్థాన్నీ బొమ్మతో సహా విడిగా చూపింది. 'యెన్' అంటే కన్ను, 'జింగ్' అంటే అద్దం. అచ్చంగా మన 'కళ్ళద్దాలు' కూర్పే అది అని తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే ఆ 'జింగ్'ను స్వరం దించి పలకకపోతే కళ్ళజోడు కాస్తా కన్నుగా మారిపోతుంది.

లోపమంతా వ్యాకరణం దగ్గర ఉంది. చైనీస్‌లో వస్తువుల పేర్లకు బహువచన రూపం ఉండదు, 'మెన్' అనే ప్రత్యయం మనుషులకే చేరుతుంది, క్రియ ఏ వచనానికీ మారదు. లెక్క చెప్పాలంటే అంకెకూ పేరుకూ నడుమ ఒక కొలతమాట రావాలి: కళ్ళజోడుకు 'యీ ఫు యెన్‌జింగ్'. పేకముక్కల కట్టకూ ఈ 'ఫు'యే వాడతారు. యాప్ దీనికి ఎదురుగా 'ఎ పెయిర్ ఆఫ్ గ్లాసెస్' అని రాసి చేతులు దులుపుకుంది. 'గ్లాసెస్' ఒంటరిగా ఉంటే 'ఆర్' రావాలనీ, ముందు 'ఎ పెయిర్ ఆఫ్' చేరితే 'ఈజ్' రావాలనీ ఎక్కడా లేదు. మా విద్యార్థి ఒకాయన 'ఐ బాట్ టూ గ్లాసెస్, వన్ ఫర్ రీడింగ్' అని రాసుకొచ్చారు. నీళ్ళ గ్లాసుతో చదువుతారా అని నేను నవ్వితే, ఆయన నొచ్చుకుని యాప్ తెరిచి చూపించారు. తప్పు ఆయనది కాదు.

పాలు పొంగాయి, నీళ్ళు కాగాయి అని రోజూ అనే మనకు, ఒకే వస్తువుకు బహువచన క్రియ రావడం కొత్త కాదు. కత్తెర, ప్యాంటు దగ్గర మాత్రం మనమూ వాళ్ళలాగే తడబడతాం. వింతేమిటంటే, 'సిజర్స్' కింద ఇదే యాప్ ఈ నియమాన్ని రెండు ఉదాహరణలతో పూర్తిగా వివరించింది.

అర్థాల కోసమైతే ఉచిత భాగం సరిపోతుంది, చందా దండగ. 5కు 3 నక్షత్రాలు ఇచ్చి, 'సిజర్స్' దగ్గర ఉన్న వివరణనే 'గ్లాసెస్' కిందా చేర్చమని వాళ్ళకు రాశాను. మూడు వారాలు గడిచినా ఆ పేజీ అలాగే ఉంది.