కందెనవోలు మనిషి, కారు, ఓడలు: ఏడేళ్లలో నాలుగు ప్రయాణాలు

ఆర్టీసీలో 31 ఏళ్లు పనిచేశాను. చివరి తొమ్మిదేళ్లు కర్నూలు డిపోలో నా పనంతా చార్టులే. ఏ బండి ఎన్నింటికి కదలాలి, ఏ క్రూ ఎక్కాలి, నైట్ హాల్ట్ ఎక్కడ, తిరిగి రావలసిన బండి రాకపోతే స్పేర్ ఏది... ఇవే లెక్కలు. 2016లో రిటైరయ్యాను. మావాడు జర్మనీలో, హనోవర్‌లో ఉంటాడు. వాడిదొక స్కోడా ఆక్టేవియా ఉంది, వెనక డిక్కీ పెద్దది. 2017, 2018, 2022, 2024 ఎండాకాలాల్లో నేను, మా ఇంటావిడ, మావాడు, కోడలు ఆ కారులోనే, మధ్యమధ్య కారుతో సహా ఓడెక్కి, డెన్మార్క్ నుంచి ఫిన్‌లాండ్ దాకా తిరిగాం. స్టీరింగ్ వాడిది, చార్టు నాది.

ఇట్లా తిరగడం ఎలా ఉంటుందని ఇక్కడ చాలామంది అడుగుతుంటారు. బాగుంటుంది. కాకపోతే రోడ్డు ముందు ప్లాన్ చేసుకుని, ఓడ సంగతి తర్వాత చూద్దాం అనుకునేవాళ్లకు బాగుండదు. ఆ ముక్క నాకు రెండో ప్రయాణంలో గానీ తెలిసిరాలేదు.

మొదటి ప్రయాణం మరీ సులువుగా సాగి మమ్మల్ని చెడగొట్టిందనే చెప్పాలి. జర్మనీ కొసన పుట్‌గార్డెన్ అనే చోట కారుతో ఓడెక్కితే 45 నిమిషాల్లో డెన్మార్క్‌లోని రోడ్‌బీలో దిగుతాం. రాత్రీపగలూ అరగంటకొకటి ఉంటుంది. ఆ పైన డెన్మార్క్ నుంచి స్వీడన్‌కు హెల్సింగోర్ దగ్గర 20 నిమిషాల ఫెర్రీ. మా ఇంటావిడ ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసేలోపే ఒడ్డు వచ్చేసింది. సిటీ బస్సు కన్నా సులువుగా ఉందే అనుకున్నాం. ఇట్లాంటి చిన్న ఫెర్రీలకు పెద్ద ప్లానేమీ అక్కర్లేదు. ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది.

2018లో నార్వే. హనోవర్ నుంచి డెన్మార్క్ పైకొసలోని హిర్ట్‌షాల్స్ దాదాపు 650 కిలోమీటర్లు. అక్కడి నుంచి మూడు గంటల పైచిలుకు ఓడ ప్రయాణంలో నార్వేలోని క్రిస్టియాన్‌సాండ్. మ్యాపు ఆరున్నర గంటలు చూపించింది. తెల్లారుజామున బయలుదేరాం. హాంబర్గ్‌లో ఎల్బే నది కింద సొరంగం ముందు గంటకు పైగా నిలిచిపోయాం. తర్వాత డెన్మార్క్ సరిహద్దులో పాస్‌పోర్టులు చూడ్డానికి ఇంకో ఇరవై నిమిషాలు. రేవుకు చేరేసరికి చెకిన్ మూసి 12 నిమిషాలైంది. ఓడ కళ్లెదుటే ఉంది. వెనక తలుపు నోరు తెరుచుకునే ఉంది. కార్లు లోపలికి పోతూనే ఉన్నాయి. మన బస్టాండులో అయితే సంచులు పట్టుకుని పరిగెత్తి "ఆపు, ఆపు" అంటే కండక్టర్ బెల్లు కొడతాడు. ఆ అద్దాల గదిలోని అమ్మాయి చాలా మర్యాదగా నవ్వి, రేపు పొద్దున ఓడలో చోటుందని చెప్పింది. మావాడు కొన్నది అన్నిటికన్నా చౌక టికెట్టు. మార్చుకోవడానికి లేదు, డబ్బు వెనక్కీ రాదు. నలుగురికీ కారుకూ కొత్తగా కొన్నాం. కంపెనీ పేరెందుకులెండి. నియమం టికెట్టు మీదే రాసుంది, చదవనిది మేము. అయినా ఆ పూట నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు. చార్టులు వేసి బతికినవాణ్ని, బయలుదేరే టైము చూశాను కానీ గేటు మూసే టైము చూడలేదు.

చూడకపోవడం నాకు తగని పని. కర్నూలు నుంచి శ్రీశైలం సర్వీసుకు చార్టు వేసినప్పుడల్లా నేను ముందు రాసుకునేది ఫారెస్టు గేటు టైమే. రాత్రి గేటు పడేలోపు నల్లమల దాటాలి. మిగతావన్నీ దాని నుంచి వెనక్కి లెక్క. ఓడా అంతే. ఆ రాత్రి హిర్ట్‌షాల్స్ దగ్గర ఒక క్యాంపింగ్ గుడిసెలో కూర్చుని మిగిలిన ప్రయాణమంతా మళ్లీ చార్టు వేశాను. ఎర్ర ఇంకుతో ముందు ఓడలు. ఓడ టైము కాదు, చెకిన్ మూసే టైము. దానికి ముందు గంటన్నర ఖాళీ. దానికి ముందు రన్నింగ్ టైము. అప్పటికి గానీ పొద్దున ఎన్నింటికి లేవాలో తేలదు. అప్పటి నుంచి నాలుగో ప్రయాణం దాకా ఒక్క ఓడా తప్పలేదు.

రన్నింగ్ టైము గురించి కొంచెం చెప్పాలి. మ్యాపు చెప్పేది ఎవరూ దిగని, ఎవరికీ మోకాళ్లు నొప్పి లేని కారుకు. మేము మ్యాపు టైముకు నాలుగోవంతు కలుపుతాం. నార్వేలో అదీ చాలదు. కర్నూలు నుంచి హైదరాబాద్ 210 కిలోమీటర్లు, 44వ నంబరు హైవే మీద నాలుగు గంటల్లోపే. నార్వే పడమటి వైపు అంతే దూరానికి ఐదు గంటలు పెట్టుకోండి. ఊళ్ల బయట మామూలుగా 80 కిలోమీటర్లే హద్దు. కొండలు, సొరంగాలు, మధ్యలో ఫెర్రీలు. అక్కడ స్పీడు జరిమానాలు చూస్తే మనకు గుండె ఆగుతుంది. ఇంకో మోసం వెలుతురు. జూన్‌లో రాత్రి పదిన్నరకూ సాయంత్రం ఐదైనట్టే ఉంటుంది. ఇంకాస్త పోదాం అనిపిస్తుంది. ఒళ్లు మాత్రం అలిసిపోయి ఉంటుంది. మా చార్టులో రోజుకు ఆరు గంటలకు మించి స్టీరింగ్ డ్యూటీ లేదు. మావాడు గొణిగాడు, నేను వినలేదు.

నార్వే లోపలి ఫెర్రీలు వేరే రకం. రోడ్డు ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) దాకా వచ్చి ఆగిపోతుంది, అవతల మళ్లీ మొదలవుతుంది. మధ్యలో ఫెర్రీయే రోడ్డు. చాలాచోట్ల బుకింగ్ ఉండదు, గీతలు గీసిన లైన్లలో నిలబడాలి. 24.5 కిలోమీటర్ల లార్డాల్ సొరంగం దాటి కొంచెం పోతే ఫోడ్నెస్ అనే రేవు వస్తుంది. అక్కడ జులైలో ఒక సాయంత్రం సరిగ్గా మా ముందు కారు దగ్గర ఫెర్రీ నిండిపోయింది. చేత్తో ఆపినవాడి ముఖంలో ఏ భావమూ లేదు, పండగ రోజు మన కండక్టర్లకు ఉన్నట్టే. కిందకు దిగి నీళ్లలో చేతులు పెట్టాం. మంచు కరిగిన నీళ్లు కాబోలు, వేళ్లు కొంకర్లు పోయాయి. ఇంతలో తర్వాతది రానే వచ్చింది. అవతలి ఒడ్డు పావుగంట. ఇట్లాంటి చోట చార్టులో ప్రతి ఫెర్రీకీ అరగంట రాసుకుంటే చాలు.

డబ్బు అక్కడ ఎవరూ అడగరు. కెమెరా నంబరు ప్లేటు చూసుకుంటుంది, బిల్లు కారు యజమాని ఇంటికొస్తుంది. 2018 రోడ్డు టోల్ బిల్లులు మేము కర్నూలు వచ్చాక, దసరాకు ఇల్లు దులుపుతుంటే, మావాడి నుంచి వాట్సాప్‌లో ఫోటోలుగా వచ్చాయి. చాంతాడంత జాబితా! 2024లో ముందే ఆటోపాస్ అనే టోల్, ఫెర్రీ చెల్లింపుల ఖాతా తెరిపించి, కొంత జమ కట్టించాను. తగ్గింపు బాగానే వచ్చింది. ఆ ఏడాదే లావిక్, ఒప్పెడాల్ మధ్య ఎక్కాం. ప్రపంచంలో మొదటి బ్యాటరీ కార్ ఫెర్రీ, ఆంపేర్, 2015లో నడిచింది ఆ దారిలోనే. డీజిలు వాసన లేని ఓడ డిపో మనిషికి కొంచెం వెలితిగా అనిపిస్తుంది, అది వేరే సంగతి.

రాత్రి ఓడల్లో నా ఓటు జర్మనీలోని కీల్ నుంచి నార్వే రాజధాని ఓస్లోకు పోయే దారికే. మధ్యాహ్నం రెండింటికి కదిలి మర్నాడు పొద్దున పదింటికి చేరుస్తుంది. ఖరీదే. కానీ గది అందులోనే, కారు కిందనే, డ్రైవర్‌కు 20 గంటల విశ్రాంతి. ఎండాకాలం వారాంతాలు వదిలేసి వారం మధ్యలో చూసుకుంటే భారం తగ్గుతుంది. 2024లో కీల్ నుంచి పోయేటప్పుడు సాయంత్రం అందరం పైడెక్కు మీద ఉన్నాం. డెన్మార్క్ పెద్ద వంతెన, స్టోర్‌బెల్ట్, ఎదురొచ్చింది. 2017లో మేము దాని మీద కారులో పోయాం. నీటికి 65 మీటర్ల ఎత్తున ఉంటుంది. అయినా దగ్గరయ్యే కొద్దీ ఓడ పొగగొట్టం తగులుతుందనే అనిపిస్తుంది. మా ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని తల వంచుకుంది, ఆ తల ఒంచితే ఓడంతా ఒంగుతుందన్నట్టు. పైన లారీలు పోతున్న చప్పుడు వినిపించింది. మర్నాడు ఆరింటికే లేవండి. ఓస్లో ఫ్యోర్డ్‌లో ఓడ గంటల తరబడి నడుస్తుంది. చిన్న చిన్న దీవులు, ఎర్రరంగు చెక్క ఇళ్లు పక్కనుంచే పోతుంటాయి. ఆ పూట నిద్రపోతే టికెట్టులో సగం డబ్బు పోయినట్టే.

ఇదే దారిలో 2018లో తిరిగొస్తూ ఒక పొరపాటు చేశాం. ఓడ కదిలాక కార్లుండే డెక్కుకు తాళం పడుతుంది. దిగేదాకా ఎవర్నీ పోనివ్వరు. రాత్రి భోజనం ముందు మా ఇంటావిడ షుగరు మాత్రల సంచి కోసం వెతికితే, అది కారులో నా సీటు కింద ఉంది. రిసెప్షన్‌లో చెబితే ఒక ఉద్యోగి మావాణ్ని వెంటబెట్టుకుని కిందికి తీసుకెళ్లి తెప్పించాడు. మా అదృష్టం. అప్పటి నుంచి మాకొక పసుపు గుడ్డసంచి ఉంది, కర్నూలు బట్టల దుకాణంలో ఇచ్చిందే. మాత్రలు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు, స్వెట్టరు, చార్జర్లు, కొంచెం బొరుగులు. రేవులో లైన్లో నిలబడగానే ఆ సంచి ఆవిడ ఒళ్లోకి పోవాల్సిందే. దిగే ముందు హ్యాండ్‌బ్రేకు, గేరు, ఆ తర్వాత అలారం ఆపడం. ఓడ ఊగితే కారు అలారం మోగుతుంది, మైకులో మీ నంబరు చదువుతారు. మాది చదివారు.

2022 ప్రయాణం మీద నాకంత మంచి అభిప్రాయం లేదు. జర్మనీలోని ట్రావెముండే నుంచి ఫిన్‌లాండ్‌లోని హెల్సింకికి ఓడలో దాదాపు 30 గంటలు. సగం జనం లారీ డ్రైవర్లు, వాళ్లకది పని, నిద్ర. మాకు మధ్యాహ్నానికే చూడ్డానికి నీళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. మా కోడలికి కడుపులో తిప్పింది. ఊగుడు పడనివాళ్లు ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది అడగాలని అక్కడే నేర్చుకున్నాం. హెల్సింకి నుంచి ఎస్టోనియాలోని టాలిన్ మాత్రం రెండు గంటలే, హాయి. తిరుగు ప్రయాణం లాట్వియా, లిథువేనియా, పోలండ్ మీదుగా రోడ్డే.

బుకింగ్‌లో ఇంకో మెలిక కారు కొలత. చాలా కంపెనీలు పొడవు, ఎత్తు చూసి ధర వేస్తాయి. మావాడు పైన సామాను పెట్టె బిగించి, బుకింగ్‌లో మామూలు కారని రాశాడు. నాకెందుకో అనుమానమొచ్చి టేపు పెట్టి కొలిచాను. 193 సెంటీమీటర్లు. టికెట్టు హద్దు 190. రేవులో తేడా కట్టించుకుంటారు, చోటు లేకపోతే ఇంకా చిక్కు. పెట్టె తీసేసి, రెండు సూట్‌కేసులు ఇంట్లోనే వదిలేశాం. వాటిలో ఏమున్నాయో ఇప్పటికీ ఎవరికీ గుర్తులేదు. అదనపు పెట్రోలు క్యాను, గ్యాసు బండ లాంటివి ఉంటే ముందే అడగండి, చాలా ఓడల్లో ఒప్పుకోరు.

కాగితాల సంగతి క్లుప్తంగా. జర్మనీ, డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్‌లాండ్, ఎస్టోనియా అన్నీ షెంగెన్‌లోనే, కాబట్టి ఒకే వీసా. ఎక్కువ రోజులు ఉండే దేశానికే పెట్టుకోవాలి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించకూడదు. సరిహద్దుల్లో ఆపరనుకుని పాస్‌పోర్టు డిక్కీలో పెట్టకండి, ఆపుతారు. నేనూ నడుపుదామని ఇక్కడ ఆర్టీఓలో ఫారం 4ఎ ఇచ్చి ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకున్నాను. ఏడాది చెల్లుతుంది. దాంతో పాటు కారు ఇన్సూరెన్సులో నా పేరు చేర్పించాల్సొచ్చింది. అంతా చేసి కుడివైపు రోడ్డు మీద నలభై కిలోమీటర్లు నడిపి, ఇంటావిడ ముఖం చూసి మావాడికే ఇచ్చేశాను.

మన కర్నూలు కారునే తీసుకుపోవచ్చా అని మా రాజ్ విహార్ సెంటర్ మిత్రులు అడుగుతారు. పోవచ్చు. కంటైనర్లో ఓడెక్కించాలి. దారిలో ఇరాన్ లాంటి దేశాలుంటే కార్నే అనే కస్టమ్స్ పుస్తకం కావాలి. అది కారుకు పాస్‌పోర్టు లాంటిది. కారు తిరిగి రాకపోతే సుంకం కట్టాలి కాబట్టి గ్యారంటీ పెట్టించుకుంటారు. ఒక వేసవికి అంత తతంగం నాకు దండగనిపించింది. ఏడాది పాటు తిరిగేవాళ్లయితే వేరు.

తిండి విషయంలో మా ఇంటావిడ నేతి బొబ్బట్లు, పాలకోవా కట్టింది. బయటి దేశాల నుంచి పాలతో చేసినవి, మాంసం ఐరోపాలోకి తేకూడదు. నెయ్యీ ఆ లెక్కలోకే వస్తుంది. అవి హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లోనే ఆగాయి. చెనక్కాయల పొడి, బొరుగులు, రాగిపిండి నిక్షేపంగా వచ్చాయి. నార్వే క్యాంపింగుల్లో చెక్క గదులకు కరెంటు పొయ్యి ఉంటుంది. దుప్పట్లు మనవే అయితే హోటల్ కన్నా బాగా తక్కువ. ఫ్యోర్డ్ పక్కన ఉగ్గాని తాళింపు పెడితే, పక్క గదిలోని డచ్చి ముసలాయన తలుపు తీసి వాసన చూశాడు. బజ్జీ లేదని ఆవిడ ఇప్పటికీ బాధపడుతుంది.

మా కర్నూలుకు కందెనవోలు అనే పాత పేరు ఎలా వచ్చిందో చెబుతారు. ఆలంపురం గుడికి రాళ్లు మోసే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడే ఆగి ఇరుసులకు కందెన పెట్టుకునేవట. అందుకే కందెనవోలు. బండితో నీళ్లు దాటడం మాకు కొత్త కాదని మావాడికి చెబుతుంటాను. వాడు ఈసారి ఇటలీలోని అంకోనా నుంచి గ్రీసుకు పోదామంటున్నాడు, పాత్రాస్ దాకా ఒక రాత్రంతా ఓడ. టికెట్టు ధరలు పంపాడు, హోటళ్లు పంపాడు, బీచ్ ఫోటోలు పంపాడు. అంకోనాలో చెకిన్ ఎన్ని గంటల ముందు మూస్తారో మాత్రం ఇంకా చెప్పలేదు. నోటుబుక్కు ఆ పేజీలో ఎర్ర గీత గీసి, పక్కన ఖాళీ వదిలి పెట్టుకున్నాను.